బిందె మీద పేరు

"పాత ఇత్తడి, రాగి, కంచు కొంటాం..." అని వీధిలో కేక వినబడితే మీరేం చేస్తారు? సంక్రాంతికి ఇల్లు దులిపే రోజులైతే చూపు తిన్నగా అటక మీదికి పోతుంది. అక్కడ పాత దుప్పటి కింద బోర్లించిన ఇత్తడి బిందె, పక్కన మూత పోయిన గుండిగ, రెండు చెంబులు, ఓ గంగాళం. ఎన్నేళ్ళయిందో వాటిని దించి! తోముదామంటే ఓపిక లేదు, వాడదామంటే అవసరం లేదు, దాచుదామంటే చోటు లేదు. "ఈసారి ఇచ్చేస్తా" అని గట్టిగా అనుకొని, స్టూలేసుకొని ఎక్కి, బిందె దించి దుమ్ము తుడుస్తారు. మెడ దగ్గర చుక్కలు చుక్కలుగా ఏదో కనబడుతుంది. వేలితో తడిమితే పేరు. అంతే! వీధిలో అతను అవతలి సందులోకి వెళ్ళిపోయేదాకా మీరు ఆ బిందెను ఒళ్ళో పెట్టుకొని అలా కూర్చునే ఉంటారు.

ఇది మీ ఒక్కరి సంగతే అనుకోకండి. పాత చీరలిచ్చి స్టీలు డబ్బా తీసుకునేటప్పుడు పైసాకు పైసా బేరమాడే మనం, ఇత్తడి సామాను దగ్గరికొచ్చేసరికి ఎందుకు తడబడతాం? ఇనప పెట్టె ఇచ్చేశాం, కిరసనాయిలు స్టవ్వు ఇచ్చేశాం. అప్పుడు కంట తడి పెట్టలేదే! నన్నడిగితే ఆ కిటుకంతా ఆ పేరులోనే ఉంది.

అసలు పేరెందుకు కొట్టించేవాళ్ళో మీకు తెలిసే ఉంటుంది. పూర్వం ఊళ్ళో ఒకరింట పెళ్ళంటే నాలుగు వీధుల గుండిగలూ గంగాళాలూ ఆ ఇంటికే చేరేవి. సామాన్లు అద్దెకిచ్చే అంగళ్ళు లేని రోజులు. పెళ్ళయ్యాక ఎవరివి వాళ్ళకు చేర్చాలంటే గుర్తుండాలి కదా. అందుకని నెల్లూరు చిన్నబజారులో పెళ్ళి సామాను కొన్నప్పుడే అంగడి ముందు కూర్చోబెట్టి పేరు కొట్టించేవాళ్ళు. చిన్న ఉలి, చిన్న సుత్తి. టక్ టక్ మని ఒక్కో చుక్కా పడుతుంటే అక్షరం గుండ్రంగా తిరిగేది. ఇంటిపేరు మొదటి అక్షరం, పెళ్ళికూతురి పేరు, తేదీ, చోటుంటే ఇచ్చినవారి వరస కూడా. 'మేనమామ కానుక' అనో, 'పెద్దమ్మ దీవెన' అనో. ఒత్తు ఉండాల్సిన చోట దీర్ఘం పడేది, దీర్ఘం ఉండాల్సిన చోట ఏమీ ఉండేది కాదు. ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు, ఎందుకంటే ఆ బిందె యజమానురాలికి చాలాసార్లు చదువే రాదు. తన పేరు తాను చదవలేని ఆ తల్లి, అది బిందెకు ఏ వైపున ఉందో మాత్రం చీకట్లో కూడా వేలు పెట్టి చూపించేది.

ఇంకోటి కూడా ఆలోచించండి. ఇంటి పత్రం నాయన పేరు మీద. పొలం పట్టా తాత పేరు మీద. అమ్మమ్మ పేరు రాతలో ఎక్కడుంది? ఆ రోజుల్లో ఎన్నో ఇళ్ళలో ఇత్తడి మీద తప్ప ఇంకెక్కడా లేదు. కాబట్టి బిందె ఇచ్చేయడమంటే మనకు లోపల ఎక్కడో, ఆవిడ పేరు తీసుకెళ్ళి కొలిమిలో వేసినట్టుంటుంది. ఉండదా మరి?

చట్టం మాట కూడా ఒకటి చెప్పుకోవాలి. పెళ్ళిలో అమ్మాయికి పెట్టిన సామాను ఆమె స్త్రీధనం. భర్త ఇంట్లో ఉన్నంత మాత్రాన అది భర్తది కాదు, అతని దగ్గర ఉంటే నమ్మి అప్పగించినట్టే లెక్క. 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. ఆ ఏడే వరకట్న నిషేధ చట్టం కింద కానుకల జాబితా నిబంధనలు కూడా వచ్చాయి. పెళ్ళిలో వచ్చిన వస్తువులు, వాటి సుమారు విలువ, ఇచ్చినవారి పేరు, వరస అన్నీ కాగితం మీద రాసి వధూవరులిద్దరూ సంతకం పెట్టాలని వాటి సారాంశం. వస్తువు, పేరు, తేదీ, ఇచ్చినవారి వరస... ఈ నిబంధనలు రాసినవారు మన అమ్మమ్మల బిందెలు చూసే రాశారేమో అనిపిస్తుంది నాకు! మన ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో అన్నదమ్ములతో సమానంగా వాటా రావడానికి రాష్ట్రంలో 1986 సవరణ దాకా, దేశమంతటా 2005 దాకా ఆగాల్సి వచ్చింది. అందాకా అమ్మాయికి ఇచ్చే ఆస్తంటే చాలా ఇళ్ళలో మెళ్ళో కొంత, అటక మీద కొంత.

ఆ అటక మీది ఆస్తికి కాళ్ళొచ్చిన రోజులు కూడా మన జిల్లా చూసింది. సారా కాలం మీకు గుర్తుండే ఉంటుంది. బియ్యం డబ్బా తరవాత సారా కొట్టుకు పోయేది చెంబులూ బిందెలే. తాకట్టు పెట్టడానికి పత్రం అక్కర్లేదు, అమ్మడానికి సంతకం అక్కర్లేదు, చంకన పెట్టుకొని పోవడమే. పొద్దున నీళ్ళకు పోదామని చూస్తే బిందె లేని ఇల్లాలి కష్టం ఎవరికి చెప్పుకోవాలి? కలిగిరి మండలం దూబగుంటలో రాత్రి బడికెళ్ళి అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్ళు రోశమ్మతో కలిసి సారా అంగడి మూయించారు. 1992 నాటికి అది జిల్లా అంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995లో వచ్చిన సంపూర్ణ నిషేధం 1997లో సడలిపోయిందనుకోండి, అది వేరే కథ. నేను చెప్పొచ్చేది, బిందె చేయి జారడంలో రెండు రకాలున్నాయి. మనం ఇవ్వడం వేరు, మన చేతిలోంచి పోవడం వేరు. ఇప్పుడు పాత సామాను ముందు కూర్చొని బెంగపడేటప్పుడు మనలో కదిలేది ఆ రెండో రకం భయమేనేమో. మనమే నిర్ణయించుకొని ఇస్తుంటే అంత బెంగ అక్కర్లేదు.

సరే, ఇంతకీ ఈ సామానంతా అటకెందుకు ఎక్కింది? స్టీలొచ్చింది కాబట్టి అంటారు అందరూ. సగమే నిజం. మన తీరంలో అయితే బిందెను అటకెక్కించింది ముందుగా ప్లాస్టిక్కు. రామాయపట్నం నుంచి తుమ్మలపెంట, ఇసకపల్లి, మైపాడు, కృష్ణపట్నం దాకా సముద్రం పక్క పల్లెల్లో నీళ్ళ సంగతి మీకు వేరే చెప్పాలా? బావి తవ్వితే చాలాచోట్ల ఉప్పు నీళ్ళు. ఇసకలో చెలమ తీస్తే పైన ఊరేవి మంచినీళ్ళు. వాటికోసం దూరం నడవాలి. ఖాళీ ఇత్తడి బిందే మూడు నాలుగు కిలోలుంటుంది, నీళ్ళు నింపితే ఇరవై కిలోల దాకా చంకన. ప్లాస్టిక్ బిందె రాగానే ఆ నాలుగు కిలోలూ తగ్గాయి. తగ్గిన బరువు మోసేవాళ్ళకే తెలుస్తుంది. 'మన సంప్రదాయం పోయింది' అని కుర్చీలో కూర్చొని వాపోయేవాళ్ళు ఒక్కసారి నిండు బిందె చంకనెత్తుకొని ఎండలో, ఇసకలో నడిచి చూడాలి.

వంట సామాను అటకెక్కడానికి మరో కారణం కళాయి. గుర్తుందా, కళాయి అబ్బి వచ్చాడంటే పిల్లలకు సినిమా చూసినట్టే. వేపచెట్టు కింద చిన్న గుంట తవ్వి, బొగ్గులు పోసి, తిత్తితో గాలి ఊదేవాడు. ముందు గిన్నెను ఇసకతో, పులుసు నీళ్ళతో లోపలంతా రుద్ది కడిగేవాడు. గిన్నె వేడెక్కాక దూది ఉండతో నవాసారం పొడి చల్లితే బుస్సుమని తెల్లటి పొగ, ముక్కు పగిలే ఘాటు! వెంటనే తగరం కడ్డీ ఒక్క గీత గీసేవాడు. ఆ గీత కరిగి నీరైతే దూదితో గిర్రున తిప్పేవాడు. చూస్తుండగానే పసుపు గిన్నె లోపల వెండిలా తెల్లబడేది. తరవాత చల్లటి నీళ్ళలో ముంచితే చుయ్యిమని చప్పుడు. పొగలో కళ్ళు మండుతున్నా ఒక్క పిల్ల కదిలేది కాదు.

ఆ పూత సోకు కోసం కాదు. ఇత్తడంటే రాగీ, జింకూ కలిపిన లోహం. పులుపు తగిలితే రాగి కరిగి కూరలోకి దిగుతుంది. కిలుం వాసన, వికారం, వాంతులు. అందుకే కళాయి లేని ఇత్తడిలో చారు, పులుసు, మజ్జిగ, నిమ్మకాయ కలిపినవి పెట్టకూడదు. మన చేపల పులుసు, చింతపండూ మామిడికాయ ముక్కలూ వేసి రాత్రి దించి పొద్దునకు ఊరనిచ్చేది, మట్టి చట్టిలోనే ఎందుకు చేశారంటారు? రుచి ఒక కారణం. చట్టి పులుపుకు జంకదన్నది ఇంకో కారణం. కళాయి వేసేవాళ్ళు రావడం తగ్గిపోయాక ఇత్తడి గిన్నెలు ఇక వంటకు పనికిరాకుండా పోయాయి. ఇప్పటికీ అక్కడక్కడా ఉన్నారు వాళ్ళు. మీకెవరైనా దొరికితే వేయించుకోండి. ఒక్క జాగ్రత్త. తగరం 232 డిగ్రీలకే కరిగిపోతుంది కాబట్టి కళాయి గిన్నెను ఖాళీగా మంట మీద పెట్టి ఫోన్ మాట్లాడుతూ మరిచిపోతే పూత కాస్తా చెదిరిపోతుంది.

మంచినీళ్ళకైతే కళాయి కూడా అక్కర్లేదు. రాగి, ఇత్తడి పాత్రల్లో నీళ్ళు ఒక రోజు నిలవ ఉంటే విరేచనాలు తెచ్చే కొన్ని రకాల క్రిములు చస్తాయని ప్రయోగాల్లో కూడా తేలింది. కానీ ఆ పాత్ర శుభ్రంగా తోమి ఉండాలి. ఇక్కడే వస్తుంది చిక్కు. మన ఉప్పుగాలికి ఇత్తడి నాలుగు రోజులు తళతళలాడి ఐదో రోజు నల్లబడుతుంది, మూలల్లో పచ్చటి కిలుం పడుతుంది. చింతపండు గుజ్జు, కాస్త ఉప్పు వేసి రుద్దండి. కడిగాక నీళ్ళ చుక్క నిలవకుండా వెంటనే పొడిగుడ్డతో తుడిచెయ్యాలి. నీళ్ళు పట్టని అలంకారపు వస్తువైతే పైన కొబ్బరినూనె చేయి రాస్తే ఇంకో వారం ఆగుతుంది. పేరున్న చోట మాత్రం ఇటుక పొడి, ఇసక వాడకండి. చుక్కలు అరిగిపోతాయి.

తళతళలాడే బిందెలో ప్లాస్టిక్ పూలు పెట్టి హాల్లో మూలన నిలబెట్టడం ఈమధ్య ఒక సరదా అయింది. మీ ఇష్టం. నా మటుకు నాకు అది నచ్చదు. ఆ మెరుపు కోసం వారం వారం చేతులరగదీసుకునేది చాలా ఇళ్ళలో పనిమనిషి. మన జ్ఞాపకానికి ఆవిడ చెయ్యెందుకు అరగాలి?

మా ఇంట్లో జరిగిన సంగతి ఒకటి చెబుతాను. మా అత్తగారికి ఎనభై నాలుగు. అల్లూరు పక్క పల్లెలో పాత ఇంట్లోనే ఉంటారు, నెల్లూరు రమ్మంటే రారు. ఆవిడ పెళ్ళినాటి గంగాళం ఒకటుంది. ఉండేది అనాలి. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫాను రాత్రి, బియ్యమూ రేషను కార్డూ పిల్లల సర్టిఫికెట్లూ అందులో పెట్టి గుడ్డ వాసెన కట్టి కూర్చున్నారట. వంటిల్లు పడిపోయింది. గంగాళం కొట్టుకుపోయింది. కాగితాలు దక్కలేదు గానీ, నాలుగు రోజుల తరవాత పక్క పల్లె మనిషొకాయన పొలంలో బురదలో దొరికిందని మోసుకొచ్చి ఇచ్చాడు. పేరు చదివి మరీ! అలాంటి గంగాళం అది. మా ఇంట్లో దాన్ని వస్తువనుకోరు, పెద్ద ముత్తైదువ అనుకుంటారు.

కిందటి ఏడు ఆవిడ ఒకరోజు ఫోన్ చేసి, "అమ్మాయ్, ఆ గంగాళం అమ్మేస్తుండా. కుర్చీ దొడ్డి కట్టించుకోవాల. మోకాళ్ళు మడవలేక చస్తుండా" అన్నారు.

ఆయన మాట్లాడలేదు. మా ఆడబిడ్డ మాత్రం బెంగుళూరు నుంచి ఫోన్లో ఒకటే ఏడుపు. "డబ్బులు మేమిస్తాం కదమ్మా, నీ పేరుండే గంగాళం అమ్ముకోవడం ఏంది" అని.

"నీ డబ్బులు నీ దగ్గరుండనీ. ఇది మా నాయన నాకు పెట్టింది. ఇన్నాళ్ళూ నీళ్ళు కాచింది, ఇప్పుడు ఇట్లా అక్కరకొస్తుండాది. దాని మీద నా పేరుండాదని మీరేడస్తుండారు. నేను ఈడ కూర్చోనుండానే!"

దానికి ఎవరం మాత్రం ఏమంటాం?

మేం వెళ్ళేసరికి సామాను కొనేవాడు వచ్చే ఉన్నాడు. వేలాడే స్ప్రింగు తక్కెడలో తొమ్మిది కిలోలన్నాడు. అత్తగారు నవ్వి, మనవణ్ణి పిలిచి, గంగాళాన్ని చిల్లరంగడి కాటాకు పంపించారు. పదకొండు కిలోల చిల్లర! అతను తల గోక్కున్నాడు. ఆవిడ తరుగు కూడా పట్టనివ్వలేదు. డబ్బు రెండుసార్లు లెక్కపెట్టి బొడ్లో దోపుకున్నారు. గంగాళం బండెక్కుతుంటే ఏడ్చింది మా ఆడబిడ్డ, నేను. ఆవిడ మేస్త్రీతో గోడకు పట్టుకొనే కడ్డీ ఏ ఎత్తులో ఉండాలో మాట్లాడుతున్నారు.

అప్పటినుంచి నేను ఎవరింట్లో ఈ ప్రస్తావన వచ్చినా మొదట ఒకటే అడుగుతున్నాను: ఆ వస్తువు ఎవరిది, ఆవిడ ఉన్నారా, ఆవిడేమంటున్నారు? ఉంటే ఆవిడ మాటే మాట. ఉంచమంటే చోటు చూడండి, అమ్మమంటే అడ్డుపడకండి. మన బెంగ కోసం పెద్దవాళ్ళను మ్యూజియం కాపలాకు కూర్చోబెట్టడం బాగోదు. ఆవిడ లేకపోతే అప్పుడు ఆడపిల్లలను అడగాలి. కోడళ్ళనూ అడగాలి, పాతికేళ్ళు ఆ బిందె తోమింది వాళ్ళేగా! అమెరికాలో ఉన్న అమ్మాయి 'నాకు కావాలి, దాచు' అంటుంది. దాచండి, కానీ వచ్చినప్పుడు తీసుకెళ్తావా అని గట్టిగా అడగండి. విమానంలో పెట్టె బరువు లెక్కలో పచ్చళ్ళను కాదని బిందెను ఎక్కించే తల్లులు తక్కువ. చిన్న చెంబైతే పోతుంది.

ఇవ్వాలని తేలితే ఇవ్వబోయే ముందు పేరు దించుకోండి. ఫోన్లో ఫొటో ఎటూ తీస్తారు, కానీ మెరిసే ఇత్తడి మీద చుక్కలు ఫొటోలో సరిగా పడవు. పల్చటి తెల్లకాగితం పేరు మీద పరిచి, కదలకుండా పట్టుకొని, మెత్తటి పెన్సిలును పక్కకు వాల్చి మెల్లగా రుద్దండి. చుక్కలున్న చోట తెల్లగా, మిగతాది నల్లగా, అక్షరం అచ్చు అలాగే దిగుతుంది. చిన్నప్పుడు రూపాయి బిళ్ళ మీద చేసేవాళ్ళం చూడండి, అదే పని. కింద ఆవిడ ఎవరు, ఏ ఊరి ఆడపడుచు, ఆ పాత్రలో ఏం వండేది, ఎన్ని శేర్ల బియ్యం పట్టేది రాసి పెట్టండి. మా అత్తగారి పేరు అలా దించి పటం కట్టించాను. చూసి, "ఇత్తడి అమ్మి అద్దం కొన్నారే" అన్నారు!

బేరం సంగతి కూడా మరవకండి. ఇత్తడి, రాగి, కంచు మూడూ ఒక్క గోతంలో వేసి ఇత్తడి ధర కట్టించుకోవద్దు. ఎర్రగా ఉండేది రాగి, దాని ధర ఇత్తడి కంటే ఎక్కువ. వేలితో మీటితే గుడిగంటలా చాలాసేపు మోగేది కంచు, అది ఇంకా మేలు. కంచు కింద పడితే పగులుతుంది, ఇత్తడైతే సొట్ట పడుతుంది. తూకం మీరు నమ్మిన కాటా మీదే వేయించండి. ఇద్దరు ముగ్గురి దగ్గర ధర అడగండి. గంగాళం, గుండిగ లాంటి పెద్దవైతే అమ్మే ముందు మీ ఊరి గుడిలో, సత్రంలో అడిగి చూడండి. ప్రసాదాలు వండే చోట వాటికింకా పనుంటుంది, పేరూ నిలుస్తుంది.

ఇక మా అటక మీద మిగిలింది ఒక్క బిందె. అత్తగారి అత్తగారి తరానిదో, అంతకు ముందుదో. మెడ దగ్గర పేరుంది గానీ మొదటి రెండక్షరాలూ చేతుల తాకిడికి అరిగిపోయాయి. కాగితం పెట్టి రుద్దితే చివర 'మ్మ' మాత్రం దిగింది. ఆవిడెవరో అత్తగారికీ తెలియదు. కోటలో వాళ్ళ దూరపు వదినగారున్నారు, తొంభై దాటాయి, జ్ఞాపకం బాగానే ఉందంటున్నారు. పండగ వెళ్ళాక ఓ ఆదివారం ఆ కాగితం తీసుకొని వెళ్ళాలి.